కోటిన్నరలో హారర్ సినిమా: పెట్టే ముందే తిరిగొచ్చే దారి చూసుకోవడం

నలుగురు మిత్రులం కలిసి, కొత్త నటీనటులతో, కోటిన్నర రూపాయల్లో తెలుగులో ఒక హారర్ చిత్రం తీయాలనుకుంటున్నామని, అందులో సగం డబ్బు చేతిలో ఉందని మీరు రాశారు. మిగతా సగం ఫైనాన్స్ తీసుకోవచ్చా, పూర్తయ్యాక నేరుగా ఓటీటీకి అమ్ముకోవచ్చా, థియేటర్లలో వేయాలంటే ఎవరిని కలవాలి అని అడిగారు. ప్రొడక్షన్‌లోనూ పంపిణీలోనూ చాలా ఏళ్లుగా ఉన్నవాడిగా నా సలహా ఏమిటంటే, ఈ మూడు ప్రశ్నలనూ చివరి నుంచి మొదటికి వేసుకోండి. సినిమా ఏ నెలలో, సుమారు ఎన్ని థియేటర్లలో, ఎవరి చేతుల మీదుగా విడుదలవుతుందో, ఏ హక్కు ఎప్పుడు అమ్ముడుపోయే అవకాశం ఉందో కాగితం మీద పెట్టుకున్న తర్వాతే ఎంత డబ్బు, ఎవరి దగ్గర, ఏ షరతు మీద తీసుకోవచ్చో తేలుతుంది. మీ కోటిన్నరలో ఫస్ట్ కాపీ (అంటే విడుదలకు సిద్ధమైన పూర్తి సినిమా) ఖర్చు తొంభై అయిదు లక్షలు దాటనివ్వకండి. నలభై లక్షలు విడుదలకు, ప్రచారానికి వేరే బ్యాంకు ఖాతాలో ఉంచండి. మిగిలిన పదిహేను లక్షలు ఆగిపోయిన షూటింగ్ రోజులకు, రీషూట్‌కు అక్కరకు వస్తాయి. తొంభై అయిదు లక్షల్లో ఆ కథ పూర్తి కాదనిపిస్తే కథనే కుదించండి గానీ విడుదల డబ్బులో చెయ్యి పెట్టకండి. మన దగ్గర ఫస్ట్ కాపీ చేతిలో పట్టుకుని పబ్లిసిటీకి పైసా లేక ఏళ్ల తరబడి హార్డ్ డిస్క్‌లో మూలుగుతున్న చిన్న సినిమాలు బోలెడన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటి లోపం సినిమాలో కాదు, ఈ లెక్కలో ఉంది.

ముందు ఓటీటీ సంగతి, ఎందుకంటే మీ ప్రణాళిక అంతా దాని మీదే నిలబడినట్టు కనిపిస్తోంది. కరోనా కాలంలో థియేటర్లు మూతపడినప్పుడు, ఆ తర్వాత కొంతకాలం, ఓటీటీ సంస్థలు చిన్న చిత్రాలను నేరుగా కొన్న మాట నిజమే. 'మా ఊరి పొలిమేర' 2021లో థియేటర్ మొహం చూడకుండానే హాట్‌స్టార్‌లో వచ్చింది. ఆ రోజులు పోయాయి. ఇప్పుడు కొనుగోలు విభాగం వాళ్లు మొదట అడిగేది నటుల పేర్లు, రెండోది థియేటర్ విడుదల తేదీ. రెండూ లేని చిత్రానికి ఎక్కువగా దక్కేది చందాదారులు చూసిన సమయాన్ని బట్టి వాటా ఇచ్చే ఒప్పందం మాత్రమే, అంటే ముందు చేతికి వచ్చేది ఏమీ ఉండదు. హారర్‌కు తారలు అక్కర్లేదన్నది మీకు కలిసొచ్చే అంశం. కానీ అదే కారణం వల్ల సినిమా బయటికి వచ్చి జనం భయపడ్డారని తెలిసేదాకా దానికి మార్కెట్లో ధర ఉండదు. కాబట్టి మీ లెక్కల పుస్తకంలో ఓటీటీ, శాటిలైట్ (టీవీ), హిందీ డబ్బింగ్ గడులన్నిటిలోనూ ప్రస్తుతానికి సున్నా వేసుకోండి. ఆ సున్నాలతో కూడా మీరు రోడ్డున పడని విధంగా డబ్బు సమకూర్చుకోవాలి.

ఇక ఫైనాన్స్. పరిశ్రమలో చిన్న చిత్రాలకు బ్యాంకులు అప్పు ఇవ్వవు, ప్రైవేటు ఫైనాన్షియర్లే దిక్కు. వడ్డీ నూటికి నెలకు రెండు నుంచి మూడు రూపాయలు ఉంటుంది. డెబ్బై అయిదు లక్షలు మూడు రూపాయల వడ్డీకి తెచ్చారనుకోండి, నెలకు రెండు లక్షల పాతిక వేలు. కొత్త దర్శకుడు, రాత్రి షూటింగులు, గ్రాఫిక్స్ ఆలస్యం, సెన్సార్, మంచి తేదీ కోసం ఎదురుచూపు అన్నీ కలిపి ఏడాదిన్నర పట్టడం మామూలే. పద్దెనిమిది నెలలకు వడ్డీ నలభై లక్షల యాభై వేలు. అంటే విడుదలకు దాచుకోమని నేను చెప్పిన సొమ్మంతా వడ్డీకే సరిపోతుంది. పైగా ఫైనాన్షియర్ ఊరికే ఇవ్వడు. నెగెటివ్ రోజుల్లో ల్యాబ్ లెటర్ రాయించుకున్నట్టే ఇప్పుడు మాస్టర్ (సినిమా తుది ప్రతి) మీద, డిజిటల్ ప్రింట్లు పంపే సంస్థ మీద తన అనుమతి లేకుండా ప్రింటు బయటికి ఇవ్వొద్దని లేఖ రాయించుకుంటాడు. ఆయన క్లియరెన్స్ ఇచ్చేదాకా ఒక్క థియేటర్‌లోనూ తెర వెలగదు. గురువారం రాత్రి ఫైనాన్షియర్ ఆఫీసులో నిర్మాత, ఇద్దరు బయ్యర్లు, ఒక పెద్దమనిషి కూర్చుని, శుక్రవారం మ్యాట్నీకైనా కీ (డిజిటల్ ప్రింటు తాళం తీసే కోడ్) వస్తుందా అని ఫోన్ల మీద ఫోన్లు చేసుకునే దృశ్యం పెద్ద చిత్రాలకే తప్పడం లేదు. పెద్ద హీరో చిత్రానికైతే మార్నింగ్ షో పోయినా మ్యాట్నీకి జనం వస్తారు; మీ చిత్రానికి ఉదయం ఆటలు రద్దయితే ఆ టాక్ సాయంత్రానికి శవయాత్ర లాగా ఊరంతా తిరుగుతుంది. అప్పు తప్పనిసరైతే షూటింగ్‌కు తేకండి. సినిమా పూర్తయి, విడుదల తేదీ ఖాయమైన తర్వాత, రెండు మూడు నెలలకు, విడుదల ఖర్చులో కొంత భాగానికి మాత్రమే తెచ్చుకోండి.

మరి మిగతా సగం ఎలా? పదిమంది తెలిసినవాళ్ల దగ్గర వాటాలుగా తీసుకోవడం హారర్‌కు పాత పద్ధతే. 1968లో విడుదలైన 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్'ను అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో తీసినవాళ్లు మొదట తలా ఆరు వందల డాలర్లు వేసుకున్న పదిమందితో మొదలుపెట్టారు. కన్నడంలో 2013లో వచ్చిన 'లూసియా' హారర్ కాకపోయినా, ప్రేక్షకుల నుంచే సుమారు యాభై లక్షలు సేకరించి తీశారు. అయితే మీరు ఫేస్‌బుక్‌లో పోస్టు పెట్టి, లాభంలో వాటా ఇస్తామని ఊరందరి దగ్గరా డబ్బు వసూలు చేయడానికి మన చట్టం ఒప్పుకోదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెడితే, కంపెనీల చట్టం 42వ సెక్షన్ ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో రెండు వందల మందికి మించి వాటాలు ఇవ్వజూపకూడదు, బహిరంగ ప్రకటన చేయకూడదు. తిరిగి ఇస్తామని జనం దగ్గర డిపాజిట్లలా తీసుకుంటే 2019 నాటి అనియంత్రిత డిపాజిట్ల నిషేధ చట్టం కిందికి వస్తుంది, అది క్రిమినల్ కేసు. టైటిల్స్‌లో పేరు వేస్తాం, ప్రీమియర్‌కు పిలుస్తాం, సంతకం చేసిన పోస్టర్ పంపుతాం అని విరాళంగా తీసుకోవడానికి అభ్యంతరం లేదు గానీ, మన దగ్గర ఆ దారిలో పెద్ద మొత్తం రాదు. నా సలహా, ఈ ఒక్క చిత్రం కోసమే ఒక ఎల్ఎల్‌పీ (పరిమిత బాధ్యత భాగస్వామ్య సంస్థ) గానీ కంపెనీ గానీ పెట్టి, పది పదిహేను మందికి మించకుండా, పోయినా ఇల్లు గడిచేవాళ్ల దగ్గర మాత్రమే తీసుకోండి. పెళ్లి కోసం దాచిన డబ్బు, ఊళ్లో పొలం అమ్మిన డబ్బు ఇస్తామన్నా వద్దనండి.

వాళ్లకు చూపించడానికి స్క్రిప్టు ఫైలు పనికిరాదు. 'ది ఈవిల్ డెడ్' తీసిన కుర్రవాళ్లు పెట్టుబడిదారులకు చూపడానికి ముందుగా ఒక చిన్న చిత్రం తీసుకుని తిరిగారు. మీరు కూడా కథలోని ఒక్క భయపెట్టే ఘట్టాన్ని అయిదారు నిమిషాల్లో, అసలు వాడబోయే కెమెరామన్‌తో, ముఖ్యంగా అసలు వాడబోయే సౌండ్ డిజైనర్‌తో తీసి చూపండి. ఆ అయిదు నిమిషాలు భయపెట్టకపోతే రెండు గంటలూ భయపెట్టవు, ఆ సంగతి లక్షన్నరలో తెలిసిపోవడం మీ అదృష్టం. ఒప్పందంలో డబ్బు తిరిగొచ్చే వరుస స్పష్టంగా రాయండి: వచ్చిన ప్రతి రూపాయిలో ముందు విడుదల ఖర్చు, తర్వాత అప్పు ఏదైనా ఉంటే అది, తర్వాత పెట్టుబడిదారుల అసలు, దాని మీద పది శాతం, ఆ పైన మిగిలింది పెట్టుబడిదారులకు సగం, దర్శకుడితో సహా తీసినవాళ్లకు సగం. నిష్పత్తి మీ ఇష్టం, వరుస మాత్రం తారుమారు కాకూడదు. రాయకపోతే మొదటి చెక్కు వచ్చిన రోజునే స్నేహాలు చెడతాయి.

కాగితాల విషయం విసుగ్గా ఉంటుంది కానీ అమ్మకం అంతా అక్కడే ఉంది. పైన చెప్పిన పిట్స్‌బర్గ్ చిత్రం పేరును పంపిణీదారు మార్చినప్పుడు కొత్త టైటిల్ కార్డు మీద కాపీరైట్ ప్రకటన వేయడం మరిచిపోయారు; ఆనాటి అమెరికా చట్టం ప్రకారం ఆ ఒక్క వరుస లేకపోవడంతో సినిమా ఎవరైనా వేసుకోగలిగిన ప్రజా ఆస్తి అయిపోయింది. మన కాపీరైట్ చట్టం అంత కఠినం కాదు గానీ దానికీ మెలికలు ఉన్నాయి. 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ పత్రంలో కాలపరిమితి రాయకపోతే అది అయిదేళ్లకే అనుకోవాలి, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే అనుకోవాలి. మీ కథకుడితో, సంగీత దర్శకుడితో తెల్లకాగితం మీద 'హక్కులన్నీ ఇచ్చాను' అని రాయించుకుంటే, ఆరో ఏట రీమేక్ అడిగినవాడికి మీరు చూపడానికి ఏమీ ఉండదు, విదేశీ ఓటీటీ లాయర్ మొదటి రోజే ఫైలు తిప్పి పంపుతాడు. ఎవరెవరితో రాసుకోవాలి అంటే, పని చేసిన ప్రతివారితోనూ. టైటిల్ ఫిలిం ఛాంబర్‌లో గానీ నిర్మాతల మండలిలో గానీ ముందే నమోదు చేయించండి. హారర్‌కు మరో ప్రత్యేక తలనొప్పి జంతువులు. నల్లపిల్లి, కాకి, మేక, పాము లేకుండా మనవాళ్లు క్షుద్రపూజ సీను రాయలేరు. వీటిలో దేన్ని నిజంగా చూపినా భారత జంతు సంక్షేమ మండలి అనుమతి షూటింగ్‌కు ముందే తీసుకోవాలి, లేకుంటే సెన్సార్ దగ్గర ఆగిపోతారు. కాకిని గ్రాఫిక్స్‌లో చేయిస్తే ఆ సంగతి కూడా రాతపూర్వకంగా, చేసిన విధానంతో సహా చూపాల్సి ఉంటుంది. వీలైతే కాకిని వినిపించండి, చూపించకండి. భయానికీ అదే మంచిది.

తీయడం గురించి మీరు అడగలేదు కాబట్టి అమ్మకానికి సంబంధించిన రెండు మాటలే చెబుతాను. మొదటిది, కెమెరా అద్దెలో మిగుల్చుకుని ధ్వని మీద పెట్టండి. హాల్లో ప్రేక్షకుణ్ని కుర్చీలోంచి లేపేది వెనక స్పీకర్‌లో వినిపించే గొలుసు చప్పుడే గానీ ఖరీదైన లెన్సు కాదు. రెండోది, మిక్సింగ్ రోజునే సంభాషణలు లేకుండా సంగీతం, శబ్దాలు మాత్రమే ఉన్న ట్రాక్‌ను విడిగా తీయించుకోండి, తెర మీద అక్షరాలు లేని మాస్టర్ కూడా ఉంచుకోండి. హిందీకో తమిళానికో డబ్బింగ్ హక్కులు కొనేవాడు మొదట అడిగేది ఇవే. ఏడాది తర్వాత ఆ ట్రాక్ మళ్లీ తయారు చేయించాలంటే స్టూడియోకు కొత్తగా డబ్బు కట్టాలి, అప్పటికి మిక్సింగ్ చేసినవాడు ఇంకో ఊళ్లో ఉంటాడు.

సెన్సార్ సర్టిఫికెట్ మీ వ్యాపారాన్ని నేరుగా నిర్ణయిస్తుంది. 2023 సవరణ తర్వాత యూఏ (పెద్దల మార్గదర్శకత్వంలో పిల్లలు చూడదగ్గ చిత్రం) మూడు మెట్లయింది: ఏడేళ్లు, పదమూడేళ్లు, పదహారేళ్లు. హారర్‌కు సాధారణంగా పదహారు ప్లస్ గానీ 'ఏ' గానీ వస్తుంది. 'ఏ' వస్తే పద్దెనిమిది లోపు పిల్లలు రాలేరు, కుటుంబాలు రావు; టీవీలో వేయాలంటే మళ్లీ కోత పెట్టుకుని వేరే సర్టిఫికెట్ తెచ్చుకోవాలి. అలాగని దాన్ని శాపంగా చూడనక్కర్లేదు, నెత్తురు ఎక్కువగా ఉన్న కథకు 'ఏ' ముద్ర పోస్టర్ మీద ప్రచారంగానే పని చేస్తుంది. నా అభిప్రాయంలో మీలాంటి చిత్రానికి పదహారు ప్లస్ సరైన చోటు: కాలేజీ కుర్రాళ్లూ వస్తారు, టీవీ దారీ మూసుకుపోదు. ఎడిటింగ్ దశలోనే రెండు మూడు షాట్లకు తక్కువ నెత్తురున్న ప్రత్యామ్నాయాలు సిద్ధంగా ఉంచుకోండి. పొగతాగే దృశ్యం కథకు అవసరం లేకపోతే తీసేయండి; లేదంటే మొదట్లో, విశ్రాంతి తర్వాత ఆరోగ్య ప్రకటనలు, తెర కింద హెచ్చరిక వేయాలి. తెర మూల ఆ అక్షరాలు కనిపించాక ఏ దెయ్యమూ భయపెట్టలేదు. యూట్యూబ్ ట్రైలర్‌కు సెన్సార్ అవసరం లేదు గానీ థియేటర్‌లో ఇతర చిత్రాల మధ్య వేసే ట్రైలర్‌కు కావాలి. దాన్ని ముందే చేయించుకోనివాళ్లు ఆ అవకాశాన్ని పోగొట్టుకుంటారు.

ప్రచారంలో ఎక్కువమంది డబ్బు తగలేసేది టీజర్ ఆవిష్కరణ వేడుకల మీద. ఒక హోటల్ హాలు, ఒక ముఖ్య అతిథి, ఇరవై మైకులు, మర్నాడు ఎవరికీ గుర్తుండని వార్త. హారర్ చిత్రానికి అతిథి ప్రశంస ఏ పనికీ రాదు; అమ్మకానికి ఉన్నది భయం, ఆ భయానికి సాక్ష్యం కావాలి. 2009లో 'పారానార్మల్ యాక్టివిటీ' విడుదల ఈ విషయంలో ఇప్పటికీ చదువుకోదగ్గది. సుమారు పదిహేను వేల డాలర్లతో తీసిన ఆ చిత్రాన్ని పారామౌంట్ సంస్థ మొదట అమెరికాలోని పదమూడు కాలేజీ పట్టణాల్లో మాత్రమే అర్ధరాత్రి ఆటలుగా వేసింది. ట్రైలర్‌లో సినిమా కన్నా ఎక్కువగా చీకటి హాల్లో ఉలిక్కిపడుతున్న ప్రేక్షకులను చూపించింది. మా ఊరికీ తెండి అని జనం ఆన్‌లైన్‌లో కోరేలా చేసి, ఆ కోరికలు పది లక్షలు దాటాక దేశమంతా విడుదల చేసింది. అంత పెద్ద సంస్థ అండ మీకు లేదు గానీ పద్ధతి చిన్నవాళ్లకే బాగా అమరుతుంది. ఎడిటింగ్ ఖాయం చేయకముందే ప్రసాద్ ల్యాబ్స్ లాంటి ప్రివ్యూ థియేటర్‌లో, మీ చుట్టాలూ పరిశ్రమ మిత్రులూ కాని నలభై యాభై మందిని కూర్చోబెట్టి చూపండి, ఫోన్లు బయట పెట్టించి, వాళ్ల అనుమతితో ముఖాలను చీకట్లో తీసే కెమెరా ఒకటి తెర పక్కన ఉంచండి. ఆ రికార్డు రెండు విధాలుగా పనికొస్తుంది. జనం ఉలిక్కిపడ్డ ముప్పై సెకన్లు మీ ట్రైలర్‌లోకి వెళ్తాయి. భయపడాల్సిన చోట నవ్విన నిమిషాలు ఎడిటింగ్ టేబుల్ మీదికి వెళ్తాయి. రెండోదే ఎక్కువ విలువైనది.

ట్రైలర్‌లో దెయ్యాన్ని చూపించకండి. ఒక్క వస్తువును, ఒక్క శబ్దాన్ని, ఒక్క మాటను ఎంచుకుని టీజర్ నుంచి విడుదల దాకా దాన్నే పట్టుకోండి. రీల్స్ కోసం జిల్లాల్లో తిరిగే చిన్న పేజీలు హైదరాబాద్ పీఆర్ ప్యాకేజీ కన్నా చౌక, ప్రభావం ఎక్కువ. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పాలి. ఫలానా గ్రామంలో జరిగిన యథార్థ ఘటన అని ప్రచారం చేసుకోవడం, రాత్రిపూట ఊళ్లలో తెల్లచీర కట్టించి జనాన్ని బెదిరించి వీడియోలు తీయడం మన దగ్గర మామూలైంది. చేతబడి అనుమానం మీద మనుషులను చంపిన ఘటనలు మన పల్లెల్లో ఈనాటికీ వార్తల్లోకి వస్తున్నాయి. మీ కథలోని మంత్రగత్తెకు నిజమైన ఊరి పేరు, కులం, ఇంటిపేరు తగిలిస్తే దాని ఫలితం ఎవరో ఒక ఒంటరి ముసలావిడ అనుభవించాల్సి వస్తుంది. కల్పిత ఊరు పెట్టుకోండి, వ్యాపారానికి ఏ నష్టమూ లేదు.

ఇక విడుదల. తెలుగు రాష్ట్రాలను వ్యాపారంలో నైజాం (తెలంగాణ), సీడెడ్ (రాయలసీమ), ఉత్తరాంధ్ర, తూర్పు, పశ్చిమ గోదావరి, కృష్ణా, గుంటూరు, నెల్లూరు అని విడదీస్తారని మీకు తెలిసే ఉంటుంది. బయ్యర్ హక్కులు పూర్తిగా కొనేస్తే అవుట్‌రేట్. తిరిగి ఇవ్వనక్కర్లేని అడ్వాన్సు ఇచ్చి, అది రాబట్టుకున్నాక వచ్చే ఓవర్‌ఫ్లోలో వాటా పంచితే ఎన్‌ఆర్‌ఏ. ఏమీ ఇవ్వకుండా, కమీషన్ తీసుకుని మీ డబ్బుతోనే విడుదల చేసి పెడితే కమీషన్ బేసిస్. కొత్తవాళ్ల చిత్రానికి మొదటి రెండూ రావని అనుకుని మూడోదానికే సిద్ధపడండి. అందుకే ఆ నలభై లక్షలు. అయితే కమీషన్ మీద విడుదల చేసేది ఎవరన్నది చాలా ముఖ్యం, ఎందుకంటే థియేటర్ యజమాని మీ పోస్టర్‌ను కాదు, విడుదల చేసేవాడి తర్వాతి చిత్రాల జాబితాను చూసి తెర ఇస్తాడు. 2022 నవంబరు 18న వచ్చిన 'మసూద' అనే హారర్ కొత్త దర్శకుడి చిత్రమైనా, దాన్ని దిల్ రాజు సంస్థ విడుదల చేయడంతో తెరలు దొరికాయి, తర్వాత మౌత్ టాక్ మీద నడిచింది. పూర్తయిన సినిమాను అలాంటి రెండు మూడు సంస్థలకు విడుదలకు మూడు నెలల ముందే చూపండి. లింకు పంపకండి, హాల్లో కూర్చోబెట్టి చూపండి.

థియేటర్ లెక్క ఒకసారి దగ్గరగా చూడండి. మన సింగిల్ స్క్రీన్లు ఎక్కువగా వారపు అద్దె మీద నడుస్తాయి. అద్దె వద్దు, వసూళ్లలో శాతం కావాలని 2025 వేసవిలో ఎగ్జిబిటర్లు థియేటర్లు మూసేస్తామనేదాకా వెళ్లింది ఈ పద్ధతి మీదే. ఒక పట్టణంలో వారానికి రెండు లక్షల అద్దె అనుకుందాం. రోజుకు నాలుగు ఆటల చొప్పున ఇరవై ఎనిమిది ఆటలు. పన్ను పోను టికెట్‌కు వంద రూపాయలు మిగిలితే, అద్దెకే రెండు వేల టికెట్లు తెగాలి, అంటే ప్రతి ఆటకూ డెబ్బై రెండు మంది రావాలి. అంతకు తగ్గితే డెఫిసిట్, ఆ తేడా మీ జేబులోంచి కట్టాలి. అందువల్ల రెండు వందల థియేటర్లలో విడుదలని పోస్టర్ మీద వేసుకోవడం మీకు గొప్ప కాదు, గోతి. హైదరాబాద్, విజయవాడ, విశాఖ, తిరుపతి, వరంగల్ లాంటి చోట్ల శాతం మీద ఆడించే మల్టీప్లెక్సులు, కాలేజీలున్న పట్టణాల్లో ఒక్కో హాలు, అన్నీ కలిపి యాభై అరవైతో మొదలుపెట్టి, సోమవారం నాటికి నిలబడితే పెంచుకోండి. ఉదయం పదకొండు గంటల ఆట ఇస్తామంటే సంతోషించకండి. హారర్‌కు సాయంత్రం, సెకండ్ షో కావాలి. నాలుగు ఉదయం ఆటల కన్నా రెండు రాత్రి ఆటలు అడిగి తీసుకోండి.

టికెట్ ధరలోనూ ఒక చిక్కు ఉంది. 2025 సెప్టెంబరు 22 నుంచి పన్ను కాక వంద రూపాయల వరకు ఉన్న టికెట్‌పై జీఎస్టీ అయిదు శాతం, వంద దాటితే పద్దెనిమిది. అంటే ప్రేక్షకుడు నూట అయిదు కట్టినా మీ వైపు వంద మిగులుతుంది, వంద దాటిన టికెట్‌కు నూట పందొమ్మిది కట్టినా దాదాపు అదే వంద మిగులుతుంది. ధరను వంద మీద కొద్దిగా పెంచితే మీకు దాదాపు ఏమీ మిగలదు, ప్రేక్షకుడికి మాత్రం భారం. చిన్న చిత్రానికి మల్టీప్లెక్సులో కూడా వంద లోపు ధర పెట్టమని పట్టుబట్టడం తెలివైన పని.

తేదీ విషయంలో నాకు నవంబరు మీద మొగ్గు. సంక్రాంతికి రావాల్సిన పెద్ద చిత్రాలు అప్పటికింకా తయారీలో ఉంటాయి, పరీక్షలు దూరంగా ఉంటాయి, హాళ్లకు సినిమాలు కావాలి. 'మసూద' కాక 'మా ఊరి పొలిమేర 2', 'మంగళవారం' కూడా 2023లో నవంబరులోనే వచ్చాయి. 'పొలిమేర' మొదటి భాగాన్ని ఓటీటీలో చూసినవాళ్లు రెండో భాగానికి హాలుకు వచ్చారన్నది కూడా గమనించండి. మీ కథలో కొనసాగింపుకు చోటుంటే ఓటీటీ ఒప్పందంలో రెండో భాగం హక్కులు మాత్రం కలపకండి. గురువారం రాత్రి పెయిడ్ ప్రీమియర్లు మంచి ఆయుధమే గానీ రెండంచుల కత్తి. ప్రివ్యూలో అపరిచితులు భయపడ్డారని మీ దగ్గర రుజువు ఉంటేనే వేయండి, అదీ నాలుగైదు ఊళ్లలో, ఒక్కో తెర మీద. టాక్ బాగోకపోతే శుక్రవారం ఉదయానికే కథ ముగుస్తుంది. పైరసీకి ముందే సిద్ధపడండి: ఛాంబర్ పైరసీ నిరోధక విభాగానికి విడుదలకు ముందే సమాచారం ఇవ్వండి, ముగింపు దృశ్యాలు రీల్స్‌లోకి రాగానే తీయించడానికి ఒక మనిషిని మొదటి వారం అదే పని మీద కూర్చోబెట్టండి. అమెరికా విడుదలను లెక్కలోకి తీసుకోకండి, ఇక్కడ టాక్ బాగుంటే అక్కడివాళ్లే ఫోన్ చేస్తారు.

మొదటి వారం నిలబడితే పైన సున్నాలు వేసిన గడులు నిండడం మొదలవుతుంది. ఓటీటీతో మాట్లాడేటప్పుడు జిల్లాలవారీ షేర్ (పన్ను, థియేటర్ ఖర్చు పోగా మిగిలింది), రోజువారీ ఆక్యుపెన్సీ (సీట్లు నిండిన శాతం) పట్టిక చూపండి. థియేటర్ విడుదలకూ ఓటీటీకీ మధ్య తెలుగులో నాలుగు వారాల గడువు వాడుకలో ఉన్నా, హిందీలో వేయాలనుకుంటే జాతీయ మల్టీప్లెక్సులు ఎనిమిది వారాలు అడుగుతాయి. హిందీ డబ్బింగ్ హక్కులు హారర్‌కు పలుకుతాయి, ఎందుకంటే భయానికి భాష అంతగా అడ్డు రాదు. యూట్యూబ్ హక్కు, శాటిలైట్ హక్కు వేర్వేరుగా అమ్ముకోండి. చిత్రోత్సవాల దారి మీ కథకు సరిపోతుందనిపిస్తే థియేటర్ విడుదలకు ముందే ఆ పని జరగాలి. గోవాలో ఎన్‌ఎఫ్‌డీసీ (జాతీయ చలనచిత్రాభివృద్ధి సంస్థ) నడిపే ఫిలిం బజార్ (2025 నుంచి పేరు వేవ్స్ ఫిలిం బజార్), స్పెయిన్‌లో సిట్జెస్, కొరియాలో బుచాన్ ఉత్సవాలు ఈ తరహా చిత్రాలను చూసే చోట్లు.

ఏ హక్కు ఇచ్చినా శాశ్వతంగా మాత్రం ఇవ్వకండి. 'తుంబాడ్' 2018లో వెనిస్ క్రిటిక్స్ వీక్‌ను ప్రారంభించిన హిందీ హారర్ చిత్రం, అయినా మొదటి విడుదలలో ఓ మోస్తరుగానే ఆడింది; 2024 సెప్టెంబరులో మళ్లీ విడుదల చేసినప్పుడు మొదటిసారి కన్నా ఎక్కువ వసూలు చేసింది. మంచి హారర్‌కు ఇలా రెండో జన్మ ఉంటుంది, అయితే ఆ రోజున థియేటర్ హక్కులు నిర్మాత చేతిలో ఉండాలి. ఓటీటీకి ఇచ్చేటప్పుడు కాలపరిమితి అయిదు నుంచి ఏడేళ్లు, థియేటర్ రీ-రిలీజ్ హక్కు మీదే అన్న వాక్యం, సీక్వెల్, రీమేక్ మినహాయింపు, చెల్లింపు వాయిదాల తేదీలు ఉండేలా చూసుకోండి. సంతకానికి ముందు సినిమా ఒప్పందాలు చూసే న్యాయవాదికి ఆ కాగితాలు చూపించండి. ఆయన ఫీజును విడుదల ఖర్చులో కాకుండా ఫస్ట్ కాపీ బడ్జెట్‌లోనే మొదటి పద్దుగా రాసుకోండి, ఎందుకంటే ఆయనతో మీకు పని పడేది మొదటి పెట్టుబడిదారు చెక్కు తీసుకునే రోజు నుంచే.